పక్కన పెట్టిన పాపానికి

నేను ఒక ఇంగ్లీషు మాటను. జక్స్టపొజిషన్ అంటారు నన్ను. నోరు తిరక్కపోతే తప్పు మీది కాదు, అతుకుల పుటక నాది. నా ముందు సగం లాటిన్‌ది. జక్స్టా అంటే పక్కనే, దాపున అని. వెనక సగం పొజిషన్, అంటే స్థానం అనే ముక్క, ఫ్రెంచివాళ్ళు తగిలించారు. అక్కణ్ణుంచి ఇంగ్లీషువాళ్ళు పట్టుకుపోయారు. రెంటిని పక్కపక్కన పెట్టడం, అంతే నా పని. మిగతాదంతా చూసేవాళ్ళు కల్పించుకుంటారు. అందుకే మనుషుల కళ్ళంటే నాకు అనుమానం.

చీరాలలో నన్ను వాడేది విశ్వేశ్వరంగారొక్కరే. కాలేజీలో ఇంగ్లీషు చెబుతారు. ఆయన మేనకోడలు వకుళకు శ్రీకర్‌తో పెళ్ళి కుదిరింది. ఆ అబ్బాయంటే వకుళకు మనసారా ఇష్టం. ఇంతలో మస్తాన్‌వలి స్టూడియో అద్దాల బీరువాలో వకుళ ఫోటో, దాని పక్కన ఎవరో మీసాల కుర్రాడి ఫోటో శ్రీకర్ తల్లి కనకరత్నమ్మ కంట పడ్డాయి. బాగా వచ్చిన ఫోటోలు అలా నలుగురికీ కనబడేట్టు పెట్టుకోవడం మస్తాన్‌కు అలవాటు.

ఇంకేముంది, రెండు వైపులవాళ్ళూ స్టూడియోలో చేరారు. విశ్వేశ్వరంగారు నన్ను బయటికి తీశారు.

"ఇది ఉత్త జక్స్టపొజిషన్ చెల్లెమ్మా. పక్కన ఉండటమే, సంబంధం ఉన్నట్టు కాదు."

"అంత పెద్ద పేరుందంటే ఎంతో కొంత ఉన్నట్టేగా అన్నయ్యగారూ," అంది కనకరత్నమ్మ. నా పరువు గంగలో కలిసింది.

శ్రీకర్ వకుళ వైపు తిరిగాడు. "అతనెవరో ముందు చెప్పు."

"నాకు తెలీదండీ."

"తెలీకుండానే పక్కనుంటాడా?"

వకుళ ముఖం చిన్నబోయింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు, బీరువాలో కింది వరస వైపు వేలు చూపించింది. అక్కడ శ్రీకర్ ఫోటో ఉంది. దాని పక్కనే ఎవరో బుట్టకమ్మల పిల్ల నవ్వుతోంది.

"మరి ఈమెవరండీ?"

"నాకేం తెలుసు? మస్తాన్ పెట్టుకున్నాడు," అన్నాడు శ్రీకర్, తడుముకోకుండా.

మస్తాన్ తల పట్టుకున్నాడు. "అన్నీ నేనే పెట్టానమ్మా, సైజు కుదిరిందని. ఇప్పుడే మీ ఇద్దరివీ పక్కపక్కన పెట్టేస్తా, గొడవొదిలిపోద్ది." అంటూనే బీరువా తెరిచి బుట్టకమ్మల పిల్లను తీసేశాడు. కనకరత్నమ్మ కూడా సరేనంది. నాకు ప్రాణం లేచొచ్చింది.

"వద్దు మస్తాన్‌గారూ, నా ఫోటో నాకిచ్చెయ్యండి," అంది వకుళ. "ఆయన మాట నేను నమ్మాలంట, నా మాట ఆయన నమ్మరంట. అలాంటి మనిషి పక్కన నేనుండలేను." ఆ మాట అనేశాక అప్పుడు ఏడ్చింది.

ఇప్పుడా బీరువాలో శ్రీకర్ ఫోటో పక్కన ఖాళీ ఉంది. దారినపోయేవాళ్ళు ఆ ఖాళీని చూసి కూడా ఏదేదో అనుకుంటున్నారు. ఈసారి మాత్రం తప్పు నా మీదికి నెట్టకండి. నాకు ఇద్దరు కావాలి.