తాయారు బండిలో తెల్ల లైట్లు

మంగతాయారుకి కోపమొస్తే గిన్నెలు తోముతుంది. ఆ పొద్దున తోమిన గిన్నెనే మళ్ళీ తోముతోందంటే, మొగుడు చలపతిరావు ఏదో అనరాని మాట అన్నాడన్నమాటే.

అన్నాడు మరి! "హంసలదీవి తిరునాళ్ళే ఆఖరు తాయారూ. ఆ తర్వాత బండి అమ్మేద్దాం," అన్నాడు.

బండంటే పాత మటాడోర్ వ్యాను. చిలకలపూడి రోల్డుగోల్డు సరుకు నింపుకుని, మొగుడూ పెళ్ళాం దాంట్లోనే తింటూ, దాంట్లోనే పడుకుంటూ తిరునాళ్ళ వెంట తిరుగుతారు. వెనక సగం కొట్టు. అద్దాల పెట్టెలు, గొలుసులు వేలాడే మేకులు. ముందు సగం ఇల్లు. మడతమంచం, కిరసనాయిలు స్టవ్వు, దేవుడి పటం, ఆవకాయ సీసా. కాపురానికొచ్చిన కొత్తలో ముగ్గురు తోడికోడళ్ళ మధ్య తన గరిటె ఏదో తనకే తెలీకుండా బతికిన మనిషి తాయారు. బందరులో ఆ ఇల్లు ఇప్పటికీ ఉంది, తోడికోడళ్ళూ ఉన్నారు. కానీ ఆవిడ నా వంటిల్లు అని చెప్పుకునేది మాత్రం ఈ వ్యానునే. ఇవాళ మోపిదేవి, రేపు నాగాయలంక. నిద్ర లేచేసరికి కొత్త ఊరు, కొత్త మనుషులు, కొత్త కబుర్లు. ఇదంతా వదిలేసి గుడివాడలో బావగారి ఫ్యాన్సీ షాపులో స్టూలు మీద కూర్చోమంటే ఆవిడ ప్రాణం ఉసూరుమనదూ?

అలాగని చలపతిరావుది తప్పనీ అనలేం. చీకటి పడగానే బండిలో అరడజను బల్బులు వెలగాలి. లేకపోతే సరుకు కనబడదు. అవి బ్యాటరీని పీల్చి పిప్పి చేస్తాయి. పొద్దున తాళం తిప్పితే బండి ఊఁ అనదు, ఆఁ అనదు. "బాబూ, తలో చెయ్యీ వెయ్యండయ్యా" అని బతిమాలుకోవాలి. తిరునాళ్ళ జనం దానికి తోపుడు వ్యాను అని పేరు కూడా పెట్టేశారు. ఇదివరకు ఆయనే దిగి తోసేవాడు. నిరుడు హెర్నియా ఆపరేషను అయ్యాక డాక్టరు బరువు పనులు కూడదన్నాడు. అప్పట్నుంచీ ఆయన స్టీరింగు దగ్గర కూర్చుంటే తాయారు కొంగు బిగించి వెనకనుంచి తోస్తోంది. అవనిగడ్డ సెంటర్లో ఎవడో నోటిదూల వెధవ, "ఏంటి బాబాయ్, ఆడమనిషి తోస్తుంటే నువ్వు దొరగారిలా కూర్చున్నావ్" అన్నాడు. ఆ మాట ఆయన గుండెల్లో ములుకులా దిగిపోయింది.

"నువ్వు తోస్తుంటే అద్దంలో చూళ్ళేకపోతున్నానే," అన్నాడు గొంతు తగ్గించి.

తాయారు గిన్నె ఠంగుమని కింద పెట్టింది. "అయితే తోయక్కర్లేకుండా చేస్తే ఉంచుతారా?"

చలపతిరావు ఆలోచించాడు. "సరే. హంసలదీవిలో పున్నమి స్నానాలయ్యాక, పొద్దున మొదటిసారి తాళం తిప్పగానే బండి స్టార్టవ్వాలి. అయిందా, ఉంచుదాం. లేదా, అమ్మేద్దాం. మాటంటే మాటే."

ఆయన మాటంటే మాటే, అదే వచ్చిన చిక్కు. పాతికేళ్ళ కాపురంలో అన్న మాట తప్పడం తాయారు ఒక్కసారి కూడా చూడలేదు. పండగకి చీర కొనను అంటే కొనలేదంతే, తాయారు అలిగి తిండి మానేసినా సరే.

దారిలో గుడివాడలో ఆగారు. బస్టాండు పక్కన బండ్ల కరెంటు పని చేసే బాలాజీ వ్యానులోకి తొంగిచూసి తల కొట్టుకున్నాడు.

"ఇన్ని బల్బులు పెట్టుకుని బ్యాటరీని తిడతారేంటి పిన్నీ? ఎల్ఈడీలని వచ్చాయి, అవి పెట్టేద్దాం. రాత్రంతా వెలిగినా బ్యాటరీకి తెలీను కూడా తెలీదు. పసుపురంగువి పెట్టమంటారా, తెల్లవా?"

తాయారు కళ్ళముందు బియ్యంలో రాళ్ళు, చేపలో ముళ్ళు, సూదిబెజ్జం మెదిలాయి. "తెల్లవే పెట్టు నాయనా. పాలల్లే ఉండాలి," అంది.

ఇల్లు అనుకుని చెప్పింది పిచ్చితల్లి. అది కొట్టు కూడానని ఆ నిమిషాన మర్చిపోయింది. చిలకలపూడిలో పాకే పిల్లకి కూడా తెలుసు, రోల్డుగోల్డుని పసుపుపచ్చటి వెలుతుర్లోనే చూపించాలని. తెల్లటి వెలుతురు పడిందా, దాని గుట్టు బయటపడుతుంది.

ఆ గుట్టు హంసలదీవిలో పొద్దు వాలాక బయటపడింది. పున్నమి స్నానాలకి జనం ట్రాక్టర్లలో, ఆటోల్లో దిగుతున్నారు. తాయారు మురిసిపోతూ స్విచ్చి వేసింది. బండంతా పట్టపగల్లా అయిపోయింది. ఆవకాయ సీసాలో మెంతిగింజలు సైతం కనబడుతున్నాయి. అప్పుడు అద్దాల పెట్టెలోకి చూసింది. మేలిమి బంగారంలా మెరవాల్సిన గొలుసులన్నీ ఇత్తడి మరచెంబుల్లా వెలవెలబోతున్నాయి.

"అయ్యో నా మతి మండా!" అని నోరు నొక్కుకుంది.

ఇద్దరు కాలేజీ పిల్లలు వచ్చి ఒక గొలుసు ఎత్తి చూశారు. "ఇదేంటే, ఇత్తడిలా ఉంది?" అని గొణుక్కుంటూ పక్క కొట్టుకి పోయారు. ఆ కొట్లో పసుపు బల్బులు వెలుగుతున్నాయి. సరుకు అదే, వచ్చింది అదే చిలకలపూడి నుంచి. కాని అక్కడ జనం, ఇక్కడ ఈగలు.

చలపతిరావు గుడ్డ తీసుకుని అద్దాల పెట్టె తుడుస్తూ కూర్చున్నాడు. ఒక్క మాటా అనకపోవడమే ఆవిడకి ఎక్కువ మంటెత్తించింది.

"అనండి, ఆ అనేదేదో అనేయండి."

"ఏమంటాను? పాత బల్బులు కింద డబ్బాలో ఉన్నాయి. పెట్టమంటే పెడతాను," అన్నాడు మెల్లగా.

పెడితే సరుకు కదులుతుంది, పొద్దున బండి కదలదు. పెట్టకపోతే బండి కదులుతుందేమో కాని సరుకు కదలదు. ముందుకి పోతే నుయ్యి, వెనక్కి పోతే గొయ్యి అంటారే, అలా అయింది ఆవిడ పని. అమ్మకాలు లేని బండిని ఎవరైనా ఎన్నాళ్ళు ఉంచుకుంటారు? తాయారుకి ఏడుపు తన్నుకొచ్చింది. డబ్బా మీద చెయ్యి కూడా వేసింది.

సరిగ్గా అప్పుడే ఒకావిడ బండి దగ్గర ఆగి, లోపలికి చూస్తూ నిలబడిపోయింది. నడివయసు, నలగని చీర, మెడనిండా నగలు.

"ఏమ్మా, ఈ లైట్లు పెళ్ళి వీడియోవాళ్ళ లైట్లలా ఉన్నాయే!"

"అవునండీ, నా ఖర్మ," అంది తాయారు.

ఆవిడ అటూ ఇటూ చూసి చటుక్కున మెట్టెక్కింది. "ముందా కర్టెను వెయ్యమ్మా. నా పేరు ఇందిరాదేవి, మాది మొవ్వ. నీ దగ్గర దాపరికమెందుకు, ఈ హారం రోల్డుగోల్డు. అసలుది బ్యాంకులో ఉంది, దాళ్వా పంటకి తాకట్టు పెట్టాం."

ఆ చుట్టుపక్కల దీనికి ఎవరూ నవ్వరు. నాట్లప్పుడు బంగారం బ్యాంకుకి వెళ్తుంది, కోతలయ్యాక ఇంటికొస్తుంది. ప్రతి ఇంటి సంగతీ అంతే. అయినా పైకి ఎవరూ అనరు. పెళ్ళిళ్ళలో అందరి మెడలూ నిండుగానే ఉండాలి.

"కొన్నప్పుడు అచ్చం నా హారంలానే ఉందమ్మా. మొన్న పెళ్ళిలో వీడియోవాడు లైటు మొహాన కొట్టాడా, మా తోడికోడలు నలుగుర్లో, 'అక్కా, నీ హారానికి పచ్చకామెర్లొచ్చాయా ఏంటి' అంది. చచ్చినంత పనైంది. ఎల్లుండి మా మేనకోడలి పెళ్ళి. అదీ వస్తుంది, వీడియోవాడూ వస్తాడు. ఇదిగో, ఈ గాజు ఒక్కటే అసలుది. దీని రంగుకి సరిపోయే హారం ఈ వెలుతుర్లో తీసివ్వు."

తోడికోడలనేసరికి తాయారుకి ఎక్కడలేని ఊపూ వచ్చింది. గాజుని లైటు కింద పెట్టింది. గొలుసు తర్వాత గొలుసు పక్కన పెట్టి చూసింది. ఇది పాలిపోయింది, అది పచ్చబడింది. చివరికి, నల్లగా ఉందని పసుపు బల్బుల కింద ఎవరూ ముట్టుకోని ఎర్ర పాలిషు హారం ఒకటి మంచం కింద పెట్టెలోంచి లాగింది. తెల్ల లైటు కింద పెట్టేసరికి గాజూ హారమూ ఒక్క తల్లి పిల్లల్లా కలిసిపోయాయి.

"మీ తోడికోడలు వచ్చి కొరికి చూసినా పట్టుకోలేదండీ!" అంది తాయారు. ఇద్దరూ పగలబడి నవ్వారు.

"కమ్మలు కూడా ఇదే పాలిషులో కావాలి. తీరిగ్గా వెతికి, రేపు వెళ్తూ వెళ్తూ మొవ్వలో ఇచ్చేసి వెళ్ళు తల్లీ," అంది ఇందిరాదేవి.

ఇలాంటి గుట్టు ఆడవాళ్ళ నోట దాగుతుందా? దాగదు. చెప్పాల్సినవాళ్ళకి మాత్రమే చెప్పి, మిగతావాళ్ళ దగ్గర దాస్తారు. కాసేపటికల్లా బండి ముందు ఆడవాళ్ళ వరస. ఒకావిడ చేతిలో అసలు ఉంగరం, ఇంకొకావిడ చెవులకి అసలు దుద్దులు. ఒక్కొక్కరే లోపలికొస్తారు, కర్టెను పడుతుంది, గుసగుసలు, ఆపైన నవ్వులు. చలపతిరావు బయట కుర్చీ వేసుకుని, "మగవాళ్ళకి ప్రవేశం లేదండీ, వెళ్ళండి వెళ్ళండి" అని కాపలా కాశాడు. లోపల్నుంచి పెళ్ళాం నవ్వు వినబడుతోంది. అంత నవ్వు ఆయన బందరు ఇంట్లో ఏనాడూ వినలేదు. కుర్చీలో కూర్చునే చాలాసేపు ఆలోచించాడు.

తెల్లారింది. సముద్రస్నానాలయ్యాయి. మాఘమాసపు మంచుకి బండి తడిసి ముద్దయింది. సోడాల పున్నయ్య, గాజుల నూకరాజు, ఇంకో నలుగురు ఎవరూ పిలవకుండానే చొక్కా చేతులు మడుచుకుని బండి వెనక చేరారు. ఏటా తోసేవాళ్ళే.

తాయారు వాళ్ళ పక్కనే, చేతులు జోడించుకుని నిలబడింది. చలపతిరావు తాళం తిప్పాడు.

బండి గుర్రుమని ఒక్క మూలుగు మూలిగి ఆగిపోయింది.

పున్నయ్యా వాళ్ళూ బండి మీద చేతులు వేశారు. తాయారు జోడించిన చేతులు దించేసింది. మొదటిసారి అన్నాడు. మాటంటే మాటే అన్నాడు. కొంగు బిగించడానికి కూడా చేతులు రాలేదు.

అంతలో మళ్ళీ తాళం తిరిగిన చప్పుడు. బండి దడదడలాడుతూ లేచి, పున్నయ్య మొహాన నల్లటి పొగ కొట్టింది. వెనకున్న జనం తోయాల్సిన పని తప్పినందుకు ఈలలేశారు.

తాయారు పరిగెత్తుకెళ్ళి పక్కసీటు ఎక్కింది. అబద్ధం ఆవిడకీ చాతకాదు. "మొదటిసారికి అవ్వలేదుగా," అంది.

"మొదటిసారెక్కడ? ఇప్పుడేగా తిప్పాను."

"గుర్రుమంది. నేను విన్నాను."

"అది నేను దగ్గాను," అన్నాడు చలపతిరావు, రోడ్డు మీదనుంచి చూపు తిప్పకుండా. "మంచు కదూ, గొంతు పట్టేసింది. పద పద, మొవ్వలో ఆవిడ కమ్మలకోసం చూస్తుంటుంది."

తాయారు ఆయన మొహంలోకి చూసింది. నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. కొంగుతో కళ్ళు తుడుచుకుని, ఆయన చెయ్యి మీద చెయ్యి వేసింది.

"ఉండండి, అల్లం టీ పెడతాను. మీ దగ్గు తగ్గిపోతుంది," అంది.