కోటు కింద చేతులు

నాకు ఓపిక తక్కువ, ముందే చెప్తున్నాను. అలాంటి నాకు అప్పజెప్పారు, అమెరికాలో టెక్సాస్‌లో వెల్డన్ క్రీక్ అనే ఊరి చరిత్ర, అక్కడ చూడదగ్గ స్థలాలు రాయమని. అక్కడి ఊళ్ళకు ఇలాంటివి రాసిచ్చే హైదరాబాదు కంపెనీ, ఆదోనిలో మా ఇంట్లోంచే పని. ఇంతకుముందు రాసిన రెండు ఊళ్ళనూ ‘ఇందులో కొత్తేముంది?’ అని తిప్పి పంపారు. ఇదీ పోతే ఊస్టింగే. డిగ్రీ అయిన మూడేళ్ళకు దొరికిన ఉద్యోగం, నాకది కావాలి.

కౌంటీ అంటే మన జిల్లా లాంటిదట, దాని కచేరీలన్నీ ఈ చిన్న ఊళ్ళోనే ఉన్నాయట. ఊరి నడుమ కోర్టు. రెండుసార్లు కాలిపోతే మూడోసారి రాతితో కట్టారు. చుట్టూ నాలుగు వైపులా అంగళ్ళు. రైలు వచ్చింది, పత్తి వచ్చింది, పత్తి గింజలు వేరుచేసే జిన్నింగ్ మిల్లులు వచ్చాయి. ‘స్టేషన్‌లో దిగి మిల్లుల దారిలో నడిస్తే’ అని రాసి, ఇది అక్కడా మా ఆదోనిలోనా అని ఆగిపోయాను. చెరిపి మళ్ళీ రాస్తే మళ్ళీ ఆదోనే వచ్చింది. ఏడుపొచ్చింది.

మా నాన్న పాండురంగయ్య ఆదోని మార్కెట్ యార్డులో పత్తి కమీషన్ వ్యాపారి. కాఫీ గ్లాసు పట్టుకుని నా వెనకాల నిలబడ్డాడు. తెర మీద వందేళ్ళనాటి ఫొటో ఉంది. కోర్టు ముందు పత్తి బండి, పక్కన ఇద్దరు మనుషులు. ఒకాయన కోటు విప్పి చేతి మీద వేసుకున్నాడు. రెండో ఆయన చెయ్యి ఆ కోటు కిందికి పోయింది.

“ధర మాట్లాడుకుంటాండారు సూడు,” అన్నాడు నాన్న.

“కోటు కిందనా?”

“ఈడ టవలు, ఆడ కోటు. లోపల వేళ్ళు పట్టుకోని నొక్కుతారు. వేలికి ఇంత అని లెక్క. పక్కనోనికి తెలీకూడదు గదా!”

ఎగిరి గంతేశాను. అదే రాసి పంపాను.

మర్నాడు పొద్దున్నే కంపెనీ నుంచి మెయిలు. అద్భుతమట. ఆ ఊరివాళ్ళు దాన్ని కోర్టు ముందు ఇత్తడి పలక మీద చెక్కిస్తారట. ఈ సంగతి ఎవరు చెప్పారో ఒక్క ముక్క రాయాలట.

 నాన్న దగ్గరికి పరిగెత్తాను. “టవలు కింద ధర నువ్వు చూసినావా నాన్నా?”

“నేను యాడ సూసినానమ్మా? నేను యార్డుకు పోయేనాటికి అంతా ధర రాసే చీటీల మీదనే. అట్ల చేస్తాండ్రని ఎవరో అంటే విన్నా.”

“మరి ఎందుకు చెప్పినావు?”

“నువ్వు ఏడుపు మొగం పెట్టుకోని కూసుంటివి. ఏదో ఒగటి సెప్తి.”

ఈయన మీద అరవాలా, నా నెత్తి నేనే కొట్టుకోవాలా? వాళ్ళ ఊరిది ఊహ, సరే, మా ఊరిది కూడా గాలి కబురేనా! పోతే పోనీ ఉద్యోగం అనుకుని ఉన్నదున్నట్టు రాశాను. ‘ఆ ఇద్దరూ చేతులు ఎందుకు కలిపారో నాకు తెలియదు. మా నాన్న ఊహించింది రాశాను. తీసేయండి.’ 

రెండు రోజులు జవాబు లేదు. మూడో రోజు మా మేనేజరు మల్లేశ్వరి ఫోన్ చేసింది.

“అనవసరంగా భయపడ్డావు. ఆ ఊళ్ళో తొంభై ఏళ్ళ ముసలావిడ ఉంది. కోటాయన వాళ్ళ తాతేనట. వేళ్ళు నొక్కి బేరం చేసేవాడని చెప్పింది. పలక చెక్కిస్తున్నారు. నీ ఉద్యోగం ఖాయం.”

“ఆమెకు ముందే తెలుసా మేడమ్, నేను రాసింది వినిపించాక గుర్తొచ్చిందా?”

“వినిపించాకే గుర్తొచ్చిందట. అయితే ఏం? ఆమె ఒట్టేసి చెప్తోంది.”

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కావాలనుకున్న ఉద్యోగం చేతికొచ్చింది, తీసుకోబుద్ధి కాలేదు. వంటింట్లోకి పోయి నాన్నకు చెప్పాను, ఈయనైనా సిగ్గుపడతాడని.

నాన్న గ్లాసు కింద పెట్టి మీసం దువ్వుకున్నాడు. “నేను సెప్పలే! టవలు కింద ధర, ఈ కండ్లతో ఎన్నిసార్లు సూసినాననుకున్నావు?”

మొన్ననే కదా చూడలేదన్నావు అని అడగబోయాను. ఆయన ముఖంలో అబద్ధం చెప్తున్న జాడే లేదు. అది జరగలేదేమో అని అనుమానపడే మనిషి ఆ ఊళ్ళో గానీ ఈ ఊళ్ళో గానీ ఇక నేనొక్కదాన్నే.