మద్దిలేటి గట్టు దాటిన పగ్గం

నేను ఒక పగ్గాన్ని. ముప్పై ఏళ్ళు గుర్రం నోటికీ మనిషి చేతికీ మధ్య కొలువు చేసిన తోలు పగ్గాన్ని. ముందుగా మద్దిలేటి సంగతి చెప్పాలి. అతను నన్ను ఒక్కనాడూ ముట్టుకోలేదు. అయినా నా ఒంటి మీది రెండు అతుకులూ అతని పుణ్యమే. పెదనాయన కొడుకు సుంకన్న చేత, లోను కాగితాలని చెప్పి సంతకాలు పెట్టించుకుని పొలం రాయించుకున్నాడు. సుంకన్న మూడో తరగతితో బడి మానినవాడు. సంతకం వచ్చు, చదవడం రాదు. మద్దిలేటి మీద తీరని కోపం నా మీద తీర్చుకున్నాడు. మనుషుల లెక్క అంతే, ఎదురు చెప్పనివాళ్ళ మీదే తీరుతుంది.

నన్ను కోసింది నంద్యాల ఎర్రన్న. ఎనుము తోలు తంగేడు చెక్క నీళ్ళలో నానబెట్టి, ఆముదం పట్టించి, మైనం రాసిన దారంతో కుట్టాడు. జట్కా తోలే పీరా సాయిబు చేతిలో పెట్టాడు. ఆ చేతిలో ఇరవై రెండేళ్ళు ఉన్నాను. ఆయన నన్ను పట్టుకున్నాడో లేదో గుర్రానికి అనుమానంగానే ఉండేది, అంత తేలిక చెయ్యి. ఆటోలొచ్చి జట్కా మూలబడ్డాక నేను కొట్టంలో దుమ్ము తిన్నాను.

అప్పుడు వచ్చాడు సుంకన్న. ఉన్న మేకలన్నీ అమ్మి చుక్క అనే ఆడగుర్రాన్ని కొన్నాడు. దానికి రేవాల్ నడక నేర్పమని సాయిబు కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. సాయిబు నా దుమ్ము దులిపి అతని చేతికిచ్చాడు. రేవాల్ అంటే ఉరుకూ కాదు, మామూలు నడకా కాదు. నాలుగు కాళ్ళూ ఒకదాని వెంట ఒకటి చకచకా పడతాయి, పైన మనిషి కదలడు. దర్గా ఉరుసునాడు ఆ నడకకే పందెం. రౌతు ఒక చేత్తో నిండు మజ్జిగ గ్లాసు పట్టుకోవాలి. గుర్రం ఉరికినా, మజ్జిగ తొణికినా బయటికే. మిగిలినవాటిలో ముందుగా దర్గా చేరిన గుర్రానికి ఏడాది ఉలవలు దర్గావాళ్ళు ఇస్తారు. ఓడితే చుక్కను మేపే దారి లేదు. పెళ్ళి బ్యాండు అతను ఊరేగింపులకని అప్పటికే చుక్క పళ్ళు చూసి బేరం ఆడిపోయాడు.

సాయిబుకు చూపు మసకబారింది. అడుగుల చప్పుడు విని గుర్రాన్ని చూసేవాడు. నెల రోజులు ఎండిన వంక ఇసుకలో నెమ్మదిగా నడిపించాడు. ఇసుకలో దిగబడితే గుర్రం ఒక్కో కాలూ విడిగా ఎత్తక తప్పదట. సుంకన్నకు తొందర. సాయిబు వినలేదు. రెండో నెలలో గట్టి దారికి ఎక్కించాడు. నాలుగు అడుగులూ సమంగా పడిన పొద్దున ముసలాయన గడ్డం నిమురుకుంటూ నిలబడ్డాడు.

కానీ పందెం దారి మద్దిలేటి గట్టు పక్కనుంచే, అంటే అతను రాయించుకున్న ఆ పొలం పక్కనుంచే పోతుంది. సరిగ్గా అక్కడ చుక్క నడక చెడి ఉరుకు అందుకునేది. సుంకన్న ముందు గట్టు మీది కుక్కను తిట్టాడు, తర్వాత చేలోని దిష్టిబొమ్మను, చివరికి గుర్రాన్ని. ఉరికిన కొద్దీ నన్ను గుంజాడు. రెండు చోట్ల తెగాను.

ఒకనాడు సాయిబు తననూ ఎక్కించమన్నాడు. సుంకన్న వెనక కూర్చుని చెయ్యి చాపి, అతని పిడికిలికి జానెడు ముందు నన్ను రెండు వేళ్ళతో పట్టుకున్నాడు. గట్టు దగ్గర పడింది. చుక్క ఇంకా ఏమీ చెయ్యలేదు. నేను మాత్రం తీగలా బిగుసుకున్నాను. ఆ తర్వాతే చుక్క ఉరికింది.

"తప్పు కుక్కదీ కాదు, బొమ్మదీ కాదు," అన్నాడు సాయిబు. "గట్టు నీ పిడికిలికి కనపడ్తాంది సుంకా. అదే గుర్రం నోట్లోకి పోతాంది."

సాయిబు నన్ను వదిలి గట్టు వైపు చెయ్యి చూపాడు.

"రేపట్నుంచి ఈడ నిలుపు. పగ్గం మెడ మీద పారేసి, జరిగిందంతా గుర్రానికి చెప్పు."

మొదటి రోజు చెప్పడానికి చాలాసేపు పట్టింది. సగం బూతులే. చుక్క గట్టు మీది గడ్డి శుభ్రంగా మేసింది. వారం గడిచేసరికి బూతులు తగ్గాయి. ఇరవయ్యో రోజు సుంకన్న రెండు ముక్కలు చెప్పి, ఇంక పోదాం పదమన్నాడు. గుర్రమే కదల్లేదు, గడ్డి మిగిలి ఉంది.

ఉరుసునాడు పదకొండు గుర్రాలు బయల్దేరాయి. వంక దాటేసరికి ఆరు మిగిలాయి. గట్టు మీద మద్దిలేటి కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు.

"ఏం సుంకన్నన్నా, గుర్రమెక్కి పొలం కొలిచేకొచ్చినావా?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. పిడికిలి ఒక్కసారి నా మీద మూసుకుంది. చుక్క చెవులు వెనక్కి తిరిగాయి. ఒక్క లాగుడు చాలు, ఉలవలూ పోయేవి, గుర్రమూ పోయేది. అంతలో ఒక వేలు తెరుచుకుంది, తర్వాత ఇంకొకటి. చివరికి చూపుడు వేలి మీద ఊరికే వాలి ఉన్నాను.

"నువ్వు కూర్చునే ఉండు మద్దిలేటీ, ఇప్పుడు దిగి కొలిస్తే మజ్జిగ తొణుకుతాది," అన్నాడు సుంకన్న, తల తిప్పకుండానే.

ఈసారి నవ్వు మాది. నాలుగు అడుగులూ చినుకుల్లా పడ్డాయి. దర్గా మెట్ల దగ్గర సాయిబు ఆ చప్పుడు విని, ఎవరూ చెప్పకముందే "నా చుక్కే" అని లేచి నిలబడ్డాడు. గ్లాసులో మజ్జిగ అంచు దిగలేదు. ఏడాది ఉలవలు చుక్కకే వచ్చాయి, ఆ మజ్జిగ సాయిబే తాగాడు. బ్యాండు అతను ఆ సాయంత్రమే బస్సెక్కాడు.

ఇప్పుడు తోలు పగుళ్ళిచ్చి నేను కొలువు దిగిపోయాను. చుక్కకు కొత్త పగ్గం వచ్చింది. పొద్దున్నే సుంకన్న చుక్కనెక్కి ఆ దారినే పోతాడు, గట్టు దగ్గర ఆగడు. ముప్పై ఏళ్ళలో నేను చేసిన మంచి పని ఏమిటని అడిగితే, ఆ రోజు ఆ గట్టు పొడవునా బిగుసుకోకుండా వచ్చానని చెబుతాను. ఆ పొలం రెండెకరాల ముప్పై నాలుగు సెంట్లు. ఇప్పటికీ మద్దిలేటి పేరునే ఉంది.