తొలి బిందె

ఎర్రన్న అరచేతిలో టెంకాయ లేచి నిలబడితే చాలు, మా ఊరి మగవాళ్లకు ఉన్న కాస్త బుద్ధీ ఎగిరిపోతుంది. ఈయన రాయదుర్గం వైపు నుంచి వస్తాడు. అరచేతిలో టెంకాయను అడ్డంగా పెట్టుకుని చేలో నడుస్తాడు. కింద నీళ్లున్న చోట కాయ నిక్కుతుందట! చదువుకున్నవాళ్లు కూడా నోరు తెరుచుకుని ఆయన వెనకాలే తిరుగుతారు. చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఈసారి తిరిగింది మా మరిది రాజేంద్ర చేలో. మా చేనూ అతని చేనూ వాననీళ్లు పారే వంక పక్కన ఒకే పల్లంలో ఉన్నాయి, మధ్యలో ఒక గట్టు. మావైపు చీనీ తోట, అదే బత్తాయి, దానికి ఒకటే బోరు. బెళుగుప్ప చుట్టుపక్కల ఎన్ని బోర్లు ఎండినా అదొక్కటే మమ్మల్ని ఇంతదాకా లాక్కొచ్చింది. ఆ నీళ్లలో కొంచెం తుప్పు రుచి ఉంటుంది. చుట్టాలు తాగి మొహం చిట్లిస్తారు. మాకు మాత్రం ఆ రుచి లేకపోతే దాహం తీరదు. చెట్ల మీద కాయ ఇప్పుడు నిమ్మకాయంత ఉంది. ఈ ఎండల్లో నీళ్లు తప్పితే కాయ రాలడంతో పోదు, చెట్లే పోతాయి.

ఎర్రన్న తిరిగి తిరిగి గట్టు పక్కనే ఆగాడు. అక్కడి నుంచి ఉమ్మితే మా బోరు మీద పడుతుంది, అంత దగ్గర. కాయ నిక్కింది.

వెంటనే రాజేంద్ర గట్టు దాటి మా ఆయన దగ్గరికి వచ్చాడు. మా ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. ఎవరు బోరు వేసినా ఇంటిపెద్ద చేత టెంకాయ కొట్టించాలి, తొలి బిందె నీళ్లు పెద్దింటికి పంపాలి.

“అన్నా, నాయన లేడు కదా. నువ్వే కొట్టల్ల,” అన్నాడు.

మా ఆయన బాలప్ప ముఖం చూడాలి అప్పుడు! పెళ్లికొడుకులా వెలిగిపోయింది. మామూలు రోజుల్లో ఎదురుపడినా పలకరించని తమ్ముడు పెద్దరికం ఇచ్చేసరికి ఈయనకు నేల కనిపించలేదు.

“ఏమయ్యా, మతి ఉండాదా నీకు? ఆడ దించితే మన బోరు గతేంగావల్ల?” అన్నాను ఇంటికొచ్చాక.

“తమ్ముడు నోరు తెరిచి అడిగితే కాదంటామా? నలుగురిలో మర్యాదేముంటాది?”

“ఆ మర్యాద పోస్తావా చెట్లకు?”

“నీకు తెల్దులే, ఊరుకో. మన జల వేరే, వాని జల వేరే. ఎర్రన్న చెప్పినాడు.”

థూ! భూమి మీద గట్టు వీళ్ల తాత వేశాడు సరే, భూమి లోపల ఎవరు వేశారు?

మరుసటి పొద్దున బోరు బండి వచ్చింది. మా ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, కొత్త తువ్వాలు భుజాన వేసుకుని, గట్టు అవతల, మా బోరుకు పక్కనే నిలబడి టెంకాయ కొట్టాడు. కాయ సమంగా పగిలిందని అందరూ మురిసిపోయారు. బండి గీపెట్టడం మొదలుపెట్టింది. రాతి దుమ్ము లేచి మా చీనీ ఆకులన్నీ బూడిద పూసుకున్నాయి. నేను మా మోటారు వేసి, పైపు దగ్గరే కూర్చున్నాను.

చాలాసేపటికి గట్టు అవతల కేకలు. నీళ్లు పడ్డాయి! బురద నీళ్లు తాటిచెట్టంత ఎత్తు లేచాయి. జనం ఈలలు వేశారు. మా ఆయన తమ్ముణ్ణి కావిలించుకుని, ఇస్త్రీ చొక్కాతోనే ఆ నీళ్లలో తడుస్తూ చిన్నపిల్లాడిలా గంతులేశాడు.

ఇక్కడ మా పైపు ఒకసారి బురద కక్కింది. తర్వాత దగ్గింది. తర్వాత ఒట్టి గాలి. మోటారు కాలిపోతుందని నేనే ఆపేశాను.

తోడికోడలు జ్యోతి బిందెకు పసుపు, కుంకుమ పెట్టి, నీళ్లు తేరిన తర్వాత నిండుగా పట్టి తెచ్చింది. వెనకాలే రాజేంద్ర, మా ఆయన, ఎర్రన్న.

“తీసుకో అక్కా, తొలి బిందె,” అంది జ్యోతి.

“తాగి చూడు వదినా, రుచెట్లుండాదో చెప్పు,” అన్నాడు రాజేంద్ర.

దోసిలి పట్టి తాగాను. అదే తుప్పు రుచి.

“నాకు కొత్తేముండాది రాజేంద్రా? పొద్దున దాకా నా ఇంట్లో తాగిన నీళ్లే కదప్పా,” అన్నాను.

రాజేంద్ర తల దించుకున్నాడు. ఎర్రన్న మాత్రం వంక వైపు చూస్తూ బీడీ వెలిగించాడు. మా ఆయన పరుగున వెళ్లి మోటారు వేశాడు, ఆపాడు, మళ్లీ వేశాడు. గాలే వచ్చింది.

నేను బిందె చంకన పెట్టుకుని తోటలోకి నడిచాను. మొదటి చెట్టు పాదులో వంచాను. ఎండిన మట్టి బుడబుడమని తాగేసింది. రెండో చెట్టు దగ్గరికి వెళ్లేసరికి బిందెలో ఏమీ లేదు.

వెనక నుంచి మా ఆయన మాటలు వినిపించాయి.

“బండి యాడికీ పోనీయొద్దు ఎర్రన్నా. ఈ పక్క మనం ఇంకా లోతుకు దించుదాం. నువ్వు కాయ పట్టు.” తర్వాత నా వైపు తిరిగి అరిచాడు: “ఏమే, ఇంట్లో ఇంకో టెంకాయ ఉండాదా?”

ఉంది. లేదని చెప్పాను.