చెల్లెలు సర్దిన డబ్బా

మా చెల్లెలంటే నాకు ప్రాణం. కానీ అది సర్దిన లంచ్ డబ్బాను మా అమ్మాయి నాకినట్టు ఖాళీ చేసి తెచ్చిన ప్రతి సాయంత్రం నాకు ఒళ్ళు మండిపోయేది.

అదే నేను సర్దితే పెట్టింది పెట్టినట్టే తిరిగొచ్చేది. "ఏమే, ఎందుకు తినలేదు?" అని అడిగితే మా చిట్టెలుక నేల చూపులు చూస్తూ "ఆకలి లేదమ్మా" అనేది. బూట్లు విప్పకుండానే వంటింట్లోకి దూరి రొట్టె మీద రొట్టె లాగించేది. ఆకలి లేని పిల్ల తిండేనా అది? నా వంట దానికి సహించడం లేదని తేల్చుకున్నాను.

నేను రంగుల ఫ్యాక్టరీలో బెల్టు మీద వచ్చే డబ్బాలకు మూతలు బిగిస్తాను. ఒక్క మూత వదులైనా సూపర్‌వైజరు నా ప్రాణం తీస్తాడు. మధ్యలో కొన్నాళ్ళు నాకు తెల్లవారుజాము షిఫ్టు పడింది. మా ఇంట్లోనే ఉంటున్న చెల్లెలికి పూలకొట్లో పని ఆలస్యంగా మొదలవుతుంది. "డబ్బా సంగతి నేను చూసుకుంటాలే అక్కా" అంది. ఆ రోజు నుంచి డబ్బా ఖాళీ. ఇంతకీ ఏం పెట్టిందయ్యా మహాతల్లి అంటే ఉడికించిన గుడ్డు, బంగాళదుంప కూర, రొట్టె, క్యారెట్ ముక్కలు. నేను పెట్టేవీ అవే. కాకపోతే అది క్యారెట్‌ని పువ్వుల్లా కోస్తుంది.

నా షిఫ్టు మళ్ళీ మారింది. "రేపటి నుంచి నేనే సర్దుతాను" అన్నాను. చిట్టెలుక ముఖం వాడిపోయింది.

"పిన్నే సర్దుతుందిలే అమ్మా."

"పోనీలేవే, ఎవరు సర్దితేనేం, పిల్ల తింటోంది కదా" అన్నాడు మా ఆయన. ఆయనకేం, ఎన్నైనా చెబుతాడు. కన్నది నేను, పెంచింది నేను, వంకీలు తిరిగిన నాలుగు క్యారెట్ ముక్కలకి పిల్ల పిన్ని పక్షం చేరిపోయింది.

మర్నాడు చెల్లెలు లేవకముందే వంటింట్లో చేరాను. కూర అది చేసినట్టే చేశాను. క్యారెట్‌ని పువ్వుల్లా కోయబోతే సగం రెక్కలు ఊడిపోయాయి. అన్నీ సర్ది, మూత బిగించి, అది రోజూ పెట్టే చోటే పెట్టాను. అది లేచి రాగానే "నువ్వే సర్దావని చెప్పు. అసలు సంగతి చెప్పావో, చూసుకో" అన్నాను.

"అది కాదక్కా..." అంటూ మూత తీయబోయింది.

చెయ్యి మీద ఒక్కటిచ్చాను. "నా వంటకి నువ్వు ఉప్పు చూడక్కర్లేదు."

చిట్టెలుక డబ్బా తీసుకుని బడికి వెళ్ళింది.

సాయంత్రం డబ్బా నిండుగా తిరిగొచ్చింది. నాలో అణుచుకున్నదంతా ఒక్కసారిగా పొంగింది. డబ్బాని బల్ల మీద పెట్టి, కుర్చీ లాగి, "కూర్చో. నా ముందు తిను. ఇందులో విషం ఏముందో నేనూ చూస్తాను" అన్నాను.

కూర్చుంది. డబ్బా దగ్గరికి లాక్కుంది. మూత అంచున గోళ్ళు పెట్టి లాగింది. రాలేదు. డబ్బాని మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, పళ్ళు బిగబట్టి మళ్ళీ లాగింది. వేళ్ళు ఎర్రబడ్డాయి. ఏడవలేదు, నా వైపు చూడనూ లేదు. చేసీ చేసీ అలవాటైన పనిలా చేసింది.

డబ్బా తీసుకుని బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కాను. మూత ఊడొచ్చింది. రంగు డబ్బా మూతలాగే దీన్నీ ఎప్పుడూ అరచేత్తో గుద్ది బిగిస్తానని అప్పుడు తెలిసింది. పిల్ల చల్లారిన కూర, విరిగిన పువ్వులు, గుడ్డు అన్నీ ఊడ్చుకుని తింది.

"మూత రాదని నాకెందుకు చెప్పలేదే?"

"ఒకసారి కూర కారి పుస్తకాలు తడిస్తే తిట్టావు కదా. వదులుగా పెట్టమంటే మళ్ళీ తిడతావని."

"టీచర్ని తీయమనలేకపోయావా?"

"అడిగితే అందరూ నవ్వారు."

గుమ్మంలో నిలబడ్డ చెల్లెలి వైపు తిరిగాను. "నీకు తెలుసా?"

"చెప్పింది. నీకు చెప్పొద్దని ఒట్టేయించుకుంది" అంది తల దించుకుని.

వంటలో ఓడిపోతే ఎలాగో సర్దుకునేదాన్ని. నా కూతురు నాకు భయపడి దాచుకున్న మాట దానితో చెప్పుకుంది. అది నాకు మింగుడు పడలేదు. ఆ పూట అన్నం కూడా సహించలేదు.

మర్నాడు డబ్బా నేనే సర్దాను. మూత వేళ్ళ కొసలతో అదిమి, చిట్టెలుక చేత రెండుసార్లు తీయించి చూసి మరీ పంపాను.

సాయంత్రం అది లోపలికి రాకుండా గుమ్మంలోనే ఆగిపోయింది. సంచీ వెనక్కి దాచుకుని నా ముఖం చూసింది.

"అమ్మా, కూర కారింది. లెక్కల పుస్తకం తడిసింది."

నాలుక చివరిదాకా వచ్చిన తిట్టు మింగేశాను. సంచీ అందుకున్నాను. డబ్బా ఖాళీగా ఉంది. పుస్తకం తుడిచి కిటికీలో ఆరబెట్టాను.

"ఏమైందే?" అంది చెల్లెలు లోపల్నుంచి.

"ఏం లేదు పిన్నీ" అంది చిట్టెలుక బూట్లు విప్పుకుంటూ. "అమ్మకి చెప్పేశాను."