పొడి పేపర్లు

తిరుమలయ్య గోడౌను షట్టరు ఎత్తి, గడప దగ్గరే నిలబడి గట్టిగా ఊపిరి పీల్చాడు. ఇరవై ఆరేళ్ళుగా రోజూ చేసే పనే. పురుగుమందు ఎక్కడైనా కారిందేమో, లోపలికి అడుగు పెట్టకముందే ముక్కు చెప్పాలి.

"ఏమప్పా, వాసనేమన్నా ఉండాదా?" పక్కనే ఉన్న ఎరువుల అంగట్లోంచి యజమాని జయరామ్ కేకేశాడు.

"ఏం లేదు సామీ."

ఉన్నా అతనికి తెలియదు. మూడేళ్ళ కింద వచ్చిన జ్వరం పోతూ పోతూ వాసనను కూడా పట్టుకుపోయింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. మొన్న పొయ్యి మీద పాలు మాడిపోతుంటే పక్కనే కూర్చుని ఉన్నాడు. "ఇల్లంతా మాడు వాసనొస్తాంటే రాయి మాదిరి కూసున్నావే!" అని భార్య కోమలి నవ్వింది. తనూ నవ్వాడు. యాభై ఎనిమిదేళ్ళ మనిషికి పుత్తూరులో ఇంకో పని ఎవరిస్తారు?

అందుకే ముక్కు పనిని కళ్ళకు అప్పగించాడు. మందు సీసాల పెట్టెల కింద, సంచుల చెక్కల కింద పాత పేపర్లు పరిచి, తడి మచ్చల కోసం వెతుకుతాడు. చెక్కల మీద యూరియా సంచులు, గోడకు జానెడు ఎడం. మామిడి పూతకు కొట్టే పొటాషియం నైట్రేటు ఒక మూల, గంధకం దానికి దూరంగా ఇంకో మూల. రేకు కంతలోంచి పడే రూపాయంత ఎండ సంచుల మీద మెల్లగా జరుగుతుంటే చూడడం అతనికిష్టం. ఈ రోజు ముసురు. ఎండ లేదు.

పేపర్లన్నీ పొడిగా ఉన్నాయి. నిన్న హమాలీలు తొందరలో ఒక మందు పెట్టెను యూరియా సంచుల మీదే పెట్టిపోయారు. అలా పెట్టకూడదు. దించుదామనుకునేలోపు బేరాలొచ్చాయి.

మధ్యాహ్నం వాన పెరిగింది. చినిగిన సంచులు కుట్టే కృపామణి క్యారియరు పట్టుకుని వసారాలో తడుస్తోంది. గోడౌనులో తినకూడదన్నది అతను పెట్టిన నియమమే.

"ఈ పొద్దుకు లోపల కూసోమ్మా. అంతా పొడిగానే ఉండాది."

కాసేపటికి ఆమె పిలిచింది. "అన్నా, ఈడ ఏందో ఘాటుగా ఉండాది."

"మిరపకాయ కొరికినావేమో."

"పెరుగన్నంలో ఘాటేందన్నా! తల తిరగతాండాది."

అతను ఆమె ముఖం చూశాడు. చెమటలు. ఆమె వీపు ఆనించిన యూరియా సంచి పైనుంచి నల్లగా తడిసి ఉంది. పైనున్న పెట్టెలోంచి కారిన మందునంతా సంచే తాగేసింది. పేపరు దాకా ఒక్క చుక్కా రాలేదు.

చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చాడు. చీర మార్పించి, వీపూ చేతులూ సబ్బుతో కడిగించమని పక్కింటి ఆడవాళ్ళకు చెప్పి, ఆటోలో ఆసుపత్రికి పంపాడు. గ్లౌజులు తొడుక్కుని, కారిన చోట ఇసుక పోసి, ఎత్తి, వేరే సంచిలో కట్టాడు. నాలుగింటికి ఫోను వచ్చింది. ప్రాణానికి భయం లేదు, రెండు రోజులు ఉంచుతారట.

"నీ ముక్కు పుణ్యమప్పా," అన్నాడు జయరామ్. "లేకుంటే ఆ యమ్మ గతేమి?"

ఊరుకుంటే సరిపోయేది.

"నా ముక్కు కాదు సామీ. మూడేండ్లుగా నాకు వాసన తెలీదు. ఆ యమ్మను ఆడ కూసోబెట్టింది నేనే."

తిరుమలయ్య తాళాలు బల్ల మీద పెట్టాడు.

"రేపట్నుంచి వాసన తెలిసేవాళ్ళను పెట్టుకో సామీ."

ఏడుపు రాలేదు, భారం దిగినట్టూ లేదు. వానలోనే బస్టాండు వైపు నడిచాడు.

గోడౌను బయట చూరు కింది కొళాయికి అతను కడిగి తగిలించిన రబ్బరు గ్లౌజులు వేళ్ళు కిందికి వేలాడుతున్నాయి. ఎడమ చిటికెన వేలికి అతికించిన సైకిలు ట్యూబు ముక్క దగ్గర ఒక నీటి బొట్టు ఇంకా ఆగి ఉంది.