నాకు తెలుసులే

నా రాతలో తప్పులుంటే మన్నించండి. యాభై ఎనిమిదో ఏట అక్షరాలు దిద్దినదాన్ని. ఒక్కో మాట దగ్గర చేయి ఆగుతుంది, కాబట్టి కథ నిదానంగానే నడుస్తుంది.

అంచెట్టి పక్క పల్లెలో పుట్టమ్మ ముందర ఎవరూ ఏదీ దాచలేరని పేరు. గడపలో నిలబడిన మనిషి కాళ్లు చూసి, ఏదైనా అడగను వచ్చినాడో పోట్లాడను వచ్చినాడో చెప్పేది. ఆవు చెవులు వాల్చిన తీరు చూసి ఏ పూట ఈనుతుందో చెప్పేది. "నీ ముందర దగ్గాలన్నా భయమే అక్కా, దానికీ ఒక అర్థం తీస్తావు" అని పక్కింటి భువన ఎగతాళి చేసేది.

ఒక ఆదివారం పుట్టమ్మ కూతురు ప్రేమ హోసూరు నుంచి వచ్చి బస్సు దిగింది. అక్కడ ఫ్యాక్టరీలో పని. మొగుడు తిలక్‌కూ అక్కడే. పెళ్లయి నాలుగేళ్లు, ఇంకా కడుపు పండలేదు. ప్రేమ ఒక చేత్తో సంచి పట్టుకుని, ఇంకో చేయి పొత్తికడుపుకు ఆనించుకుని నడిచి వచ్చింది. గోడ పట్టుకుని మెల్లగా కూర్చుంది. రాగిముద్దను వేలితో రెండుసార్లు తాకి, కంచం పక్కకు జరిపింది.

పుట్టమ్మ అన్నీ చూసింది. లోపల సంతోషం పొంగింది. కానీ వాళ్ల ఇంట్లో ఒక కట్టు ఉంది. మూడు నెలలు నిండేదాకా ఆ మాట ఎవరి నోటా రాకూడదు, తల్లీకూతుళ్ల మధ్య కూడా. పైకి అంటే నిలవదని భయం.

ప్రేమ చేయి కడుక్కుని వచ్చి అమ్మ పక్కన చేరింది. "అమ్మా, నీకొక సంగతి చెప్పల్ల. నెల నుంచి కడుపులో..."

పుట్టమ్మ గబుక్కున కూతురి నోటికి చేయి అడ్డం పెట్టింది. "చెప్పొద్దు. నాకు తెలుసులే."

"నీకెట్ల తెలుసు?"

"నువ్వు బస్సు దిగినప్పుడే. నీ నడక చెప్పలేదా?"

ప్రేమ అమ్మ చేయి పట్టుకుంది. "భయంగా ఉందమ్మా. డాక్టరు దగ్గరికి పోదామా అనుకుంటా ఉండా."

"ఇప్పుడే వద్దు. ఇంకో రెండు నెలలు పోనీ. ఆడదానికి వచ్చేదే కదా, భయమెందుకు?"

ప్రేమ కళ్లలో నీళ్లు తిరిగినాయి, భుజాలు కిందికి జారినాయి. అవి సంతోషం నీళ్లని, అవి బరువు దిగిన భుజాలని పుట్టమ్మ అనుకుంది. కూతుర్ని బస్సెక్కించి వచ్చి, పెట్టె తెరిచి బిడ్డ పొత్తిళ్లకని పాత మెత్తటి చీరలు తీసి ఉతికి ఆరేసింది. "ఏమక్కా, మొహం వెలిగిపోతా ఉంది" అని భువన అంటే నవ్వి ఊరుకుంది.

రెండు నెలలు నిండే ముందు తిలక్ ఫోను చేసినాడు. "ప్రేమ పని మధ్యలో పడిపోయింది అత్తా. కృష్ణగిరి ఆసుపత్రిలో చేర్చినాము, రా." పుట్టమ్మ ఆ మెత్తటి చీరల్లో ఒకటి సంచిలో పెట్టుకునే పోయింది.

డాక్టరమ్మ చేతిలో స్కాన్ కాగితం ఉంది. మాట్లాడే ముందు కళ్లద్దాలు తీసి తుడుచుకుంది, కుర్చీ దగ్గరికి లాక్కుంది. చెడ్డ మాటేనని ఈసారి పుట్టమ్మ సరిగ్గానే కనిపెట్టింది. కడుపులో బిడ్డ లేదు. అండాశయంలో గడ్డ, చుట్టూ పాకింది. "రెండు నెలల ముందు వచ్చుంటే..." అని డాక్టరమ్మ ఆపేసింది.

ప్రేమ గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. "నీకు తెలుసన్నావు కదమ్మా" అంది. గొంతులో కోపం లేదు. "ఆడోళ్లకంతా వచ్చే నొప్పే అనుకున్నాను. అమ్మ తెలిసే చెప్పిందని ఊరుకున్నాను."

పుట్టమ్మ మంచం పట్టె పట్టుకుంది.

సాయంత్రం ప్రేమ వేళ్లు దుప్పటి మీద కదిలినాయి. నీళ్లకేమోనని పుట్టమ్మ చెంబు మీదికి చేయి చాచి, మధ్యలోనే ఆపుకుంది.

"ఏం కావాలమ్మా? నాకు తెలియదు. నోరు తెరిచి చెప్పు."

"ఏమొద్దు. ఈడ కూర్చో."

పుట్టమ్మ కూర్చుంది. చీర ఉన్న సంచిని కాలితో మంచం కిందికి నెట్టింది.

మునెమ్మ, అరవై ఆరేళ్లు, ఇప్పుడు ఉండేది హోసూరులో.